కాగితం పేరు చెప్పండి

పిచ్చుకా,

నీకిప్పుడు మనవలుండే వయసు. మోకాళ్ళు పట్టుకుని లేస్తూ ఉంటావు. ఎవరీ ముసలిది, నన్ను పట్టుకుని పిచ్చుక అంటోంది అని కోపం రావచ్చు. రానీ. నాకు తెలిసిన నువ్వు నాలుగేళ్ళ పిల్లవి. పళ్ళెంలోంచి ఒక్కొక్క ముక్కే ఏరుకుని, మెడ అటూ ఇటూ తిప్పుతూ తినేదానివని ఆ పేరు నేనే పెట్టాను. అసలు పేరు ఇంకేదో ఉండేదేమో, ఇంట్లో దాన్ని పలికినవాళ్ళు లేరు. నేను నీ అక్కను. నీకంటే ఐదేళ్ళు పెద్దదాన్ని. ఇలాంటి మనిషి ఒకతి ఉందని నీకెవరైనా చెప్పారో లేదో తెలియదు కాబట్టి ముందు ఆ మాట చెప్పేస్తున్నాను.

ఇది నేను చెబుతుంటే టైపు మాస్టారు రాస్తున్నారు. జిల్లా కార్యాలయం గోడ పక్కన, రేకు కింద, మిషను పెట్టుకుని అర్జీలు కొట్టే పెద్దమనిషి. ఉత్తరాలు మాత్రం చేత్తోనే రాస్తారట, మిషను మీద కొడితే నోటీసులా ఉంటుందట. "మిక్కిలి ప్రేమతో అని మొదలుపెడదామా పెద్దమ్మగారూ?" అన్నారు. ఇన్నేళ్ళు చూడని మనిషి మీద ప్రేమ మిక్కిలో తక్కువో నాకెలా తెలుస్తుంది, పేరుతో మొదలుపెట్టండి అన్నాను. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలి, మధ్యలో తన పైత్యం కలపకూడదు, రాశాక చదివి వినిపించాలి. అదీ మా ఒప్పందం. ఇప్పటికే రెండుచోట్ల పట్టుకున్నాను.

నాకు అక్షరం ముక్క రాదు. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి, మడతలు పెట్టి బతికాను. మా ఆయన పోయాక కొడుకును పెంచింది కూడా ఆ దుప్పట్ల మీదే. వాడు బస్సు నడుపుతాడు. మంచివాడే, కాకపోతే ప్రతిదానికీ "నీకెందుకమ్మా" అంటాడు.

ఇంత ఆలస్యంగా గుర్తొచ్చానా అని అడుగుతావేమో. మరిచిపోతే కదా గుర్తు రావడానికి. నన్ను కదిలించింది మాత్రం కళ్ళ డాక్టరమ్మ. ఈ మధ్య గుమ్మాలు నా భుజాలను గుద్దుతున్నాయి. సందులో సైకిళ్ళు ఉన్నట్టుండి ఊడిపడుతున్నాయి. చూపు అంచుల నుంచి తగ్గిపోతోందట. కంట్లో ఒత్తిడి పెరగడమట, నీటికాసులు అంటారట. పోయింది పోయినట్టే, ఉన్నదాన్ని చుక్కల మందుతో నిలబెట్టుకోవాలి అంది. తర్వాత, "ఇది రక్తసంబంధంలో నడుస్తుంది. మీకు తోబుట్టువులున్నారా?" అని అడిగింది.

"ఎవరూ లేరండి" అన్నాడు నా కొడుకు.

"ఉంది" అన్నాను.

వాడు నా మొహంలోకి చూసిన చూపు నీకు చెప్పలేను. వాడికి పిన్ని ఉందని ఆ కుర్చీలోనే తెలిసింది.

"అయితే ఆవిణ్ణి వెంటనే చూపించుకోమనండి. నొప్పి ఉండదు. తెలిసేసరికి సగం పోయి ఉంటుంది" అంది డాక్టరమ్మ. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు పిచ్చుకా. నువ్వు ఎక్కడో గుమ్మాలను తిట్టుకుంటూ తిరుగుతుంటావని అనిపించింది.

సరే, జిల్లా కార్యాలయానికి పోయాను. మనల్ని పెట్టిన పిల్లల హోమ్ ఎప్పుడో మూతపడింది, దాని కాగితాలన్నీ అక్కడి రికార్డు గదిలో చేరాయని విన్నాను. కిటికీలో ఒక అమ్మాయి కూర్చుంటుంది.

"ఏం కావాలి మామ్మగారూ?"

"మా చెల్లెలు ఎక్కడుందో కావాలి."

"అలా ఇవ్వమండీ. ఏ రికార్డు కావాలో రాసివ్వండి."

"రికార్డు ఏం చేసుకోను తల్లీ? నాకు చెల్లెలు కావాలి."

నా వెనక వరసలో ఎవడో నవ్వాడు. వెనక్కి తిరిగి, నీ వంతు వచ్చేసరికి మధ్యాహ్నం భోజనానికి లేస్తారు, అప్పుడు నవ్వు అన్నాను. అమ్మాయి మాత్రం ఓపిగ్గానే చెప్పింది, కాగితం పేరు చెప్పండి అని. నేను అదే చెప్పాను, చెల్లెలు అని. అలా కాసేపు తగువులాడుకున్నాం.

బయటికొస్తే మాస్టారు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. "మీరు ప్రశ్న అడుగుతున్నారు. వాళ్ళు ప్రశ్నలకు జవాబు చెప్పరు. వాళ్ళ దగ్గరున్న కాగితానికి నకలు ఇస్తారు, అంతవరకే. మీ ప్రశ్నకు జవాబు ఏ కాగితంలో ఉంటుందో మీరే ఆలోచించుకుని, ఆ కాగితాన్ని అడగాలి" అన్నారు.

"ఎక్కడుందో తెలిస్తే నేనే వెళ్ళి తెచ్చుకునేదాన్ని కదా నాయనా, ఈ పెద్ద భవనం ఎందుకు?" అన్నాను. ఆయనకు నవ్వొచ్చింది. అయినా అర్జీ కొట్టారు, నీ దత్తత పత్రం ఇప్పించమని. దానికి జవాబు పోస్టులో వచ్చింది. దత్తత కాగితాలు సీలువేసి ఉంటాయట, దత్తత వెళ్ళిన మనిషే వచ్చి అడగాలట. పైగా కాగితాల్లో రాసిన నీ పేరు నాకు తెలియదు కాబట్టి ఫైలు వెతకడం కూడా కుదరదట. పిచ్చుక అంటే చాలదట.

నా కొడుకు నీకెందుకమ్మా అన్నాడు. నీ మందు నువ్వు వేసుకో, ఆవిడ సంగతి ఆవిడ చూసుకుంటుంది అన్నాడు. వాడికి అన్నం పెట్టి పంపించి, నేను మళ్ళీ ఇక్కడికి వచ్చాను. ఈ ఉత్తరం మాస్టారి పెట్టెలో ఉంటుంది. నీ ఇల్లు దొరికిన రోజు దీనికి కవరు వేస్తాం.

నీ అక్క

*

పిచ్చుకా,

మొదటి ఉత్తరం ఇంకా మాస్టారి దగ్గరే ఉంది. రెండూ కలిపే పంపిస్తాను. ఎందుకంటే పంపడానికి దారి దొరికింది.

కిటికీ అమ్మాయితో నాకు స్నేహమైంది. రోజూ వెళ్ళి తిట్టేదాన్ని, ఒకరోజు వెళ్ళకపోయేసరికి మర్నాడు "నిన్న రాలేదేం మామ్మగారూ, ఒంట్లో బాగాలేదా?" అంది. మనిషి మెత్తబడింది కదా అని కూర్చుని మన సంగతి మొదటి నుంచీ చెప్పాను. అమ్మ పోయిందని, నాన్న పనికని వెళ్ళి తిరిగి రాలేదని, పక్కింటివాళ్ళు మనిద్దరినీ హోమ్‌లో అప్పగించారని. ఆ అమ్మాయి విని, "మీరూ అక్కడే పెరిగారా?" అని అడిగింది. పెళ్ళి ఈడు వచ్చేదాకా అన్నాను.

"మరి మీ ఫైలు అడగండి. మీ ఫైలు మీరు అడిగితే ఎవరూ కాదనలేరు."

నాకూ ఒక ఫైలు ఉంటుందని నాకు తెలియనే తెలియదు. ఇంతకాలం ఆ భవనంలో నా గురించి ఏదో రాసి పెట్టుకున్నారని తెలిసేసరికి, దొంగతనంగా నన్నెవరో చూస్తున్నట్టు అనిపించింది. వద్దులే అని ఇంటికి వచ్చేశాను. గిన్నెలు తోముతూ కూడా అదే ఆలోచన. నాకు అందులో ఏం కావాలో నాకు తెలుసు. అది నీకు చెప్పాలి. మాస్టారు ఈ భాగం వద్దంటున్నారు, ఆరోగ్యం సంగతి చెప్పి ఊరుకుందాం అంటున్నారు. రాయండి అన్నాను.

వాళ్ళు కారులో వచ్చారు. ఎవరో భార్యాభర్తలు, పిల్లల్లేనివాళ్ళు. పొద్దున్నే ఆయా చెప్పింది, ఇవాళ చూడ్డానికి వస్తున్నారు, శుభ్రంగా ఉండండి అని. నేను నీకు ఒళ్ళంతా రుద్ది స్నానం చేయించాను. దువ్వెన నీళ్ళలో ముంచి పాపిట తీశాను. ఎవరి దగ్గరో బతిమాలి రిబ్బను తెచ్చి కట్టాను. నువ్వు అందంగా ఉంటే మనిద్దరినీ తీసుకుపోతారని నా లెక్క. ఇద్దరం ఒకటే అని ఆయాకు ముందే చెప్పి పెట్టాను కూడా. మనల్ని వరసలో నిలబెట్టారు. ఆవిడ నీ ముందు వంగి, బుగ్గ పట్టుకుని, నవ్వింది. తర్వాత నావైపు చూసింది. చూసిందంతే. నేను నా పళ్ళు బాగుండవని నోరు మూసుకుని నవ్వాను.

కారు తలుపు వేసేశారు. నువ్వు కారు ఎక్కుతున్న సంబరంలో వెనక్కి తిరగలేదు. నీ రిబ్బను మాత్రం అద్దంలోంచి కాసేపు కనబడింది. నేను గేటు పట్టుకుని నిలబడ్డాను, ఇంకో కారు వస్తుందేమో నా కోసం అని. అంత తెలివితక్కువదాన్ని. ఆ తర్వాత పలక ముట్టుకోలేదు. నీ పక్కన కూర్చుని దిద్దిన పలక అది. ఎంత కొట్టినా ముట్టుకోకపోతే, చాకిరేవు పనిలో పెట్టారు. నేను చదువుకోకపోవడానికి కారణం అదీ, పేదరికం కాదు.

నన్నెందుకు తీసుకోలేదు? నల్లగా ఉన్నాననా? పెద్దపిల్ల కాబట్టి తిండి ఎక్కువవుతుందనా? పెళ్ళయ్యాక మా ఆయన నన్ను చూసి నవ్వినప్పుడల్లా కూడా నాకు ఆవిడ చూపే గుర్తొచ్చేది. ఈయన కూడా ఎప్పుడో చూసి ముందుకు పోతాడు అనుకునేదాన్ని. పాపం ఆయన పోలేదు, పోయేదాకా నాతోనే ఉన్నాడు. నేనే నమ్మలేదు.

అందుకని నా ఫైలు అడిగాను. అడగాల్సిన కాగితం పేరు నాకు తెలుసు ఈసారి. కొన్ని వారాలకు నకళ్ళు వచ్చాయి. మాస్టారు రేకు కింద చదివారు. ఎత్తు, బరువు, టీకాలు. "పిల్ల మొండిది, భోజనం దగ్గర చెల్లెలి వాటా కోసం తగువు పెట్టుకుంటుంది" అని ఎవరో రాశారు. ఆ వాక్యం మళ్ళీ చదివించుకున్నాను, నాకు నచ్చింది. తర్వాత, చెల్లెలు దత్తతకు వెళ్ళినది అని ఒక ముక్క, పక్కన నీ ఫైలు నంబరు.

"ఎందుకు ఇద్దరినీ ఇవ్వలేదో రాయలేదా?"

"రాయలేదు పెద్దమ్మగారూ."

"సరిగ్గా చూడండి."

ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. వెనకవైపు కూడా చూశారు. నా కోసం కాగితాన్ని వెలుగుకు పట్టుకుని చూశారు. లేదు. నాకు జీవితమంతా సరిపోయిన ప్రశ్న, వాళ్ళకు రాసుకోవాల్సినంత సంగతి కాలేదు.

కానీ నంబరు ఉంది కదా. అది పట్టుకుని కిటికీ అమ్మాయి లోపలికి వెళ్ళి నీ ఫైలు బయటికి తీసింది. నాకు చూపించదు, చూపించకూడదు. అయితే ఆరోగ్యం గురించిన కబురైతే వాళ్ళే నీ చివరి చిరునామాకు పంపిస్తారట. నాకు నీ ఊరు చెప్పరు. నీకు ఇష్టమైతే నువ్వు జవాబివ్వచ్చు, లేకపోతే లేదు. "ఆవిడ జవాబివ్వకపోతే మళ్ళీ మమ్మల్ని తిట్టకూడదు మరి" అంది. ఆ మాట ఇవ్వలేను అన్నాను.

పిచ్చుకా, నన్ను చూడాలని లేకపోతే చూడొద్దు. నన్ను వదిలేసి వెళ్ళావని నేను అనను, నాలుగేళ్ళ పిల్ల ఏం వదులుతుంది. కళ్ళు మాత్రం చూపించుకో. ఇవాళే వెళ్ళు. ఇది అక్క చెబుతోంది.

నీ అక్క

*

పిచ్చుకా,

నీ ఉత్తరం వచ్చింది. కిటికీ అమ్మాయి కుర్చీ వదిలి, బయటికి వచ్చి, రేకు కిందకు తెచ్చి ఇచ్చింది. మాస్టారు చదువుతుంటే ఆ అమ్మాయి కూడా నిలబడి వింది. కిటికీ దగ్గర వరస పెరిగిపోయి జనం గోల పెడుతున్నా కదల్లేదు.

కళ్ళు చూపించుకున్నావని, ఒత్తిడి ఉందని, కానీ మొదట్లోనే పట్టుకున్నారని, చూపు నిలుస్తుందని రాశావు. అక్కడ ఆపండి అన్నాను మాస్టారిని. నేను వచ్చిన పని అయిపోయింది. మిగతాది విన్నా వినకపోయినా నాకు చాలు అనిపించింది. ఉదయం, సాయంత్రం చుక్కలు మానకు. వేశాక కన్ను మూసుకుని మూల దగ్గర వేలితో నొక్కి పట్టుకో, గొంతులోకి దిగదు.

తర్వాత మిగతాది విన్నాను.

నువ్వూ ఈ కిటికీకి ఉత్తరాలు రాసినదానివేనట. పెంచినవాళ్ళు పోయాక, నా కన్నతల్లి రికార్డు ఇప్పించండి అని అడిగావట. అడిగిన కాగితం వాళ్ళు ఇచ్చారు, అమ్మ మరణ పత్రం. దాని మీది తేదీ చూస్తే నువ్వు అప్పటికి నెలల పిల్లవి. ఇది తప్పు, ఎవరిదో కాగితం నాకిచ్చారు, మా అమ్మ నాకు గుర్తుంది, అని నువ్వు పోట్లాడావట. వాళ్ళు మళ్ళీ అదే కాగితం పంపించారట. అక్క ఉందా అని నువ్వు అడగలేదు, అడగని కాగితం వాళ్ళు ఇవ్వరు. ఆ మాట మాస్టారు చదివినప్పుడు కిటికీ అమ్మాయి తల దించుకుంది. దాని తప్పేముంది, అప్పటికి పుట్టిందో లేదో.

ఇప్పుడు నన్ను అడుగుతున్నావు. "అక్కా, ఆ తేదీ తప్పే కదా? అమ్మ నాకు నాలుగేళ్ళు వచ్చేదాకా ఉంది కదా? నాకు దువ్వెన నీళ్ళలో ముంచి తల దువ్వేది. ఎప్పుడూ సబ్బు వాసన వేసేది. నన్ను చంకన ఎత్తుకుంటే నడుం ఎముక తొడకు గుచ్చుకునేది. కొంచెం దూరం నడిచి దించేది, మళ్ళీ ఎత్తుకునేది. కొత్తింటికి వచ్చాక వారాల తరబడి అమ్మా అమ్మా అని ఆవిడ కోసమే ఏడ్చానట. పెంచినమ్మ చెప్పింది. నాకు అంతే మిగిలింది. అది నిజమని ఒక్కసారి చెప్పు" అని రాశావు.

పిచ్చుకా, నేను ఎవరికీ భయపడలేదు. పెద్ద అధికారి గదిలోకి కూడా చెప్పులతోనే వెళ్ళాను. కానీ నీకు జవాబు చెప్పలేక, ఇంటికి వెళ్ళి పడుకుని, లేచి, మళ్ళీ వచ్చాను. నిజమేనమ్మా, తేదీ తప్పే, అని చెప్పేద్దామనుకున్నాను. ఒక ముసలిదానికి ఇంకో ముసలిది ఇచ్చే అబద్ధం, ఎవరికి నష్టం? మాస్టారితో ఆ ముక్క రాయించాను కూడా. చదివి వినిపించమన్నాను. వినలేకపోయాను. చింపించాను.

తేదీ తప్పు కాదు. నువ్వు పుట్టిన కొద్ది నెలలకే అమ్మ పోయింది.

తొమ్మిదేళ్ళ పిల్లకు నడుం మీద కండ ఎక్కడుంటుంది? ఎముక గుచ్చుకోక ఏమవుతుంది? నువ్వు బరువు, మొయ్యలేకపోయేదాన్ని, అందుకే దించేదాన్ని. నీ బట్టలు ఉతికేది నేనే కాబట్టి సబ్బు వాసన. నువ్వు మాటలు వచ్చినప్పటి నుంచి నన్ను అమ్మా అనేదానివి. నాకు సిగ్గేసేది, హోమ్‌లో పిల్లలు ఎగతాళి చేసేవాళ్ళు. "అక్క అనవే, పళ్ళు రాలగొడతా" అని బెదిరించేదాన్ని. ఆ ఒక్క విషయంలో నువ్వు నా మాట విననే లేదు.

నీ అమ్మను నీ దగ్గర్నుంచి లాక్కున్నాను. కోపం వస్తే తిట్టు, పడతాను. కానీ నీకోసం నా దగ్గర ఒకటి ఉంది. అసలు అమ్మ నాకు గుర్తున్నది కొంచెమే. నువ్వు పుట్టినరోజు మంచం మీద నుంచి నన్ను పిలిచి, కాళ్ళు చాపి కూర్చోమని, నిన్ను నా ఒళ్ళో పెట్టింది. "మెడ జాగ్రత్త, పట్టుకో" అంది. గొంతు బొంగురుగా ఉండేది. నిన్ను నాకు ఇచ్చాక తను కళ్ళు మూసుకుని నవ్వింది. అది అమ్మ. అందులో సగం నీది, తీసుకో.

నాకు ఇంకోటి తెలిసింది. నువ్వు కారులో వెనక్కి తిరగలేదని ఇన్నేళ్ళు లోపల పెట్టుకున్నాను. నిన్ను తీసుకెళ్ళిన ఆవిడ నన్ను చూసి ముందుకు పోయిందని పెట్టుకున్నాను. ఆవిడ ఎవరని నా గురించి తేల్చడానికి? కొత్తిల్లు, కొత్త బట్టలు, కొత్త అమ్మ, అన్నీ ఎదురుగా ఉండగా వారాల తరబడి నువ్వు నాకోసం ఏడ్చావు. నా కాగితంలో రాయని సంగతి అది. నాకు ఇంకే నకలూ అక్కర్లేదు. ఆవిడ నిన్ను బాగా చూసుకుందని రాశావు, అది విని నా పగ ఎటు పోయిందో వెతికినా దొరకడం లేదు.

నీ చిరునామా ఇచ్చావు కానీ నేను రాలేను, బస్సు మెట్లు నాకు కనబడవు. నువ్వే రా. నా కొడుకు స్టాండులో నిలబడతాడు. నీకెందుకమ్మా అన్నవాడే ఇప్పుడు పిన్ని ఏ బస్సుకు వస్తుంది, ఏం తింటుంది అని నా ప్రాణం తీస్తున్నాడు. దువ్వించుకోకుండా రా. నీ జుట్టు ఎంత మిగిలిందో చూస్తాను.

కింద ఎప్పటిలాగే నీ అక్క అని రాయమంటారా అని అడుగుతున్నారు మాస్టారు. ఖాళీగా వదిలెయ్యండి, వేలిముద్ర ఒక్కటే వేస్తాను అన్నాను. నన్ను ఏమని పిలవాలో నువ్వు గుమ్మంలో నిలబడి చెప్పు. ఈసారి పళ్ళు రాలగొట్టను.

(వేలిముద్ర)